వల పదికాలాలు మన్నాలంటే

చేపలు పట్టే ఇంటికి వలే పొలం. వలే పాడి. వల బాగుంటే పొయ్యి మీద కుండ ఉడుకుతుంది. వల చిరిగితే అప్పు పుడుతుంది.

నీళ్లలో వల వేసేది ఎక్కువగా మగవాళ్లే. కానీ వల కొనడానికి తెచ్చిన అప్పు ఇంటిల్లిపాదీ తీర్చాలి. బుట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా చేపలు అమ్మేది ఆడవాళ్లు. పొదుపు సంఘంలో బాకీ కట్టేదీ వాళ్లే. అందుకే వల గురించి ఆడవాళ్లకు తెలిసి ఉండాలి.

వల నీళ్లలో ఉండేది కొన్ని గంటలే. మిగతా పొద్దంతా గట్టు మీదే ఉంటుంది. నీళ్లలో రాయి తగిలితే, మొద్దు తగిలితే మన చేతిలో ఏమీ లేదు. గట్టు మీద జరిగే నష్టం మాత్రం మన చేతిలోనే ఉంది. దాన్ని ఎలా ఆపాలో ఈ పాఠంలో చదువుదాం.

వెనకటి వల వేరు, ఇప్పటి వల వేరు

మన తాతల కాలంలో వలలు నూలుతో, జనపనారతో అల్లేవారు. నూలు చెట్టు నుంచి వచ్చింది. తడిగా ఉంటే కుళ్లిపోతుంది. కంటికి కనిపించని సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి. అందుకని రోజూ వల ఆరబెట్టేవారు. తుమ్మ చెక్క, మడ చెట్ల బెరడు ఉడకబెట్టి, ఆ కషాయంలో వలను ముంచేవారు. ఆ వగరు పట్టిన నూలు తొందరగా కుళ్లేది కాదు.

ఇప్పుడు ఎక్కువగా నైలాన్ వలలే వాడుతున్నారు. 1938లో అమెరికాలో నైలాన్ సంగతి లోకానికి తెలిసింది. మన దేశంలో 1957లో కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఏర్పడింది. అది కొచ్చిలో ఉంది. విశాఖపట్నంలో దాని పరిశోధన కేంద్రం ఉంది. నూలు వల బదులు నైలాన్ వల వాడుకలోకి రావడానికి ఈ సంస్థ ఎంతో పనిచేసింది.

నైలాన్ నీళ్లలో కుళ్లదు. కానీ దానికి వేరే శత్రువు ఉంది. అది ఎండ.

ఒక ఇంట్లో అత్తా కోడళ్ల మధ్య ఇలాంటి మాటలు నడుస్తాయి.

"అమ్మాయ్, వల నీడన పడేశావేమే? ఎండలో వెయ్యి. లేకపోతే కుళ్లిపోద్ది."

"కుళ్లేది నూలు వల అత్తా. ఇది నైలాన్. ఎండకి దీని పోగు పెళుసుబారుద్ది."

"మా అత్త రోజూ ఎండలోనే వేసేది."

"ఆ రోజుల్లో అదే మంచి పని అత్తా. అప్పుడు వల నూలుది. ఇప్పుడు వల మారింది. పద్ధతి కూడా మారాలి."

అత్త చెప్పింది తప్పు కాదు. నూలు వలకు అది సరైన మాటే. దారం మారినా అలవాటు మారలేదు. అందువల్ల చాలా చోట్ల మంచి నైలాన్ వలలు గట్టు మీదే బలం పోగొట్టుకుంటున్నాయి.

కొట్లో చీటీ చదవండి

వల కొనేటప్పుడు కట్ట మీద చీటీ చూడండి. దాని మీద 210/2/3 అని ఉండొచ్చు. ఇంకో కట్ట మీద 210/3/3 అని ఉండొచ్చు. ఈ అంకెలకు అర్థం ఏమిటి?

మొదటి అంకె 210. అది పోగు ఎంత సన్నమో చెబుతుంది. ఆ పోగును 9000 మీటర్ల పొడవు తీస్తే 210 గ్రాములు తూగుతుంది.

రెండో అంకె 2. రెండు పోగులు కలిపి ఒక పేట చేశారని అర్థం.

మూడో అంకె 3. అలాంటి మూడు పేటలు కలిపి దారం పేనారని అర్థం.

ఇప్పుడు లెక్క వేయండి. రెండు మూళ్లు ఆరు. 210/2/3 దారంలో 6 పోగులు ఉంటాయి. మూడు మూళ్లు తొమ్మిది. 210/3/3 దారంలో 9 పోగులు ఉంటాయి. పోగులు ఎక్కువైతే దారం లావు. బలమూ ఎక్కువే. కానీ అదే కొలత వలకు బరువు పెరుగుతుంది. వల అమ్మేది ఎక్కువగా తూకం మీదే కాబట్టి ధరా పెరుగుతుంది. పైగా లావు దారం చేప కంటపడుతుంది. చేప తప్పుకుని పోతుంది. అందుకే లావు దారం అన్నిటికీ మంచిది కాదు. ఏ చేపకు ఏ దారమో అడిగి తెలుసుకుని కొనాలి.

టంగూసు వలకు ఈ అంకెలు ఉండవు. టంగూసు ఒంటి పోగు. దాని లావును మిల్లీమీటర్లలో రాస్తారు. 0.16 అని, 0.20 అని ఉంటుంది. అంకె పెరిగే కొద్దీ పోగు లావు.

కొట్టువాడు "రెండూ ఒకటేనమ్మా" అంటే తల ఊపనక్కరలేదు. చీటీ చూపించమని అడగండి. అక్షరం నేర్చుకున్నది ఇందుకే.

చెంబు నీళ్లతో పరీక్ష

కొన్ని వలలు నైలాన్‌వి కావు. పాలిథిన్ దారంతో అల్లినవీ ఉంటాయి. చూడ్డానికి రెండూ ఒకటిలాగే అనిపించొచ్చు. తేడా ఎలా తెలుస్తుంది?

ఒక చెంబులో నీళ్లు తీసుకోండి. చిన్న దారం ముక్క అందులో వేయండి. వేలితో నీళ్ల కిందకు నొక్కి, బుడగలు పోయేలా నలిపి వదలండి. మునిగితే నైలాన్. తేలితే పాలిథిన్.

ఎందుకలా? ఒక లీటరు పాత్రలో పట్టే నీళ్లు కిలో తూగుతాయి. అంతే జాగా పట్టే నైలాన్ సుమారు 1140 గ్రాములు తూగుతుంది. నీళ్ల కన్నా బరువు. అందుకే మునుగుతుంది. అంతే జాగా పట్టే పాలిథిన్ సుమారు 950 గ్రాములే తూగుతుంది. అందుకే తేలుతుంది.

పాలిథిన్ చెడ్డదని కాదు. లాగుడు వలలకు అది పనికొస్తుంది. కానీ నైలాన్ ధర పెట్టి పాలిథిన్ కొనకూడదు.

వల కన్ను కొలవడం

చేప వల కన్నులో తల దూరుస్తుంది. ఒళ్లు పట్టదు. వెనక్కి పోదామంటే మొప్పలకు దారం అడ్డం పడుతుంది. అలా చిక్కుకుంటుంది. కాబట్టి ఏ చేపకు ఆ కన్ను ఉండాలి.

ఒక కన్నును నిలువుగా బిగలాగండి. ఒక ముడి నడుమ నుంచి ఎదుటి ముడి నడుమ దాకా స్కేలుతో కొలవండి. కవళ్లకు సుమారు 3 నుంచి 4 సెంటీమీటర్ల కన్ను వాడతారు. కానాగంతలకు సుమారు 5 సెంటీమీటర్ల కన్ను. వంజరం లాంటి పెద్ద చేపకు 10 సెంటీమీటర్లు, అంతకు మించి.

చిన్న కన్ను వలలో చేప పిల్లలూ పడతాయి. ఈ ఏడు పిల్లల్ని పట్టేస్తే వచ్చే ఏడు పెద్ద చేప ఎక్కడి నుంచి వస్తుంది? విత్తనం గింజలు వండుకు తిన్నట్టు అవుతుంది.

తాడుకు వల కట్టే లెక్క

కొట్లో కొన్నది వల గుడ్డ మాత్రమే. దాన్ని పైన ఒక తాడుకు, అడుగున ఒక తాడుకు కట్టాలి. అప్పుడే అది వల.

ముందు తాడు సంగతి చూడాలి. కొత్త తాడులో మెలి ఉంటుంది. మెలితోనే కడితే వల నీళ్లలో చుట్టుకుపోతుంది. తాడును రెండు చెట్ల మధ్య బిగలాగి కట్టి ఒక రాత్రి ఉంచండి. మెలి దిగుతుంది.

ఇక లెక్క. వలను బిగలాగి తాడుకు కట్టకూడదు. కుచ్చు పెట్టి కట్టాలి. పావడాకు కుచ్చు పెట్టినట్టే. బిగలాగి కడితే కళ్లు మూసుకుపోతాయి. చేప తల దూరదు. చాలా వలలకు సగానికి సగం లెక్క సరిపోతుంది. అంటే 40 మీటర్ల వలను 20 మీటర్ల తాడుకు కట్టాలి.

కన్ను 5 సెంటీమీటర్లు అనుకుందాం. నాలుగు కళ్లు బిగలాగితే 20 సెంటీమీటర్లు. అందులో సగం 10. కాబట్టి తాడు మీద ప్రతి 10 సెంటీమీటర్లకు ఒక గుర్తు పెట్టండి. గుర్తుకూ గుర్తుకూ మధ్య నాలుగేసి కళ్లు వచ్చేలా కట్టండి. వల పొడవునా 800 కళ్లు ఉంటే ఇలాంటి భాగాలు 200 వస్తాయి. 200 సార్లు 10 సెంటీమీటర్లు అంటే 20 మీటర్లు. లెక్క సరిపోయింది.

కొలతకు 10 సెంటీమీటర్ల పుల్ల ఒకటి కోసి పెట్టుకోండి. కంటి అంచనాతో కడితే ఒకచోట కుచ్చు ఎక్కువ, ఒకచోట తక్కువ అవుతుంది. బిగువైన చోటే బరువంతా పడుతుంది. వల ముందు అక్కడే చిరుగుతుంది. అడుగు తాడు పై తాడు కన్నా పొట్టిగా ఉండకూడదు.

బెండ్లు, గుండ్లు

పై తాడుకు బెండ్లు కడతారు. అవి వలను పైకి లాగుతాయి. అడుగు తాడుకు గుండ్లు కడతారు. అవి కిందికి లాగుతాయి. రెండూ సమంగా లాగితే వల గోడలాగా నిలబడుతుంది.

పైన తిరిగే చేపకు బెండ్ల బలం ఎక్కువ ఉండాలి. అడుగున తిరిగే చేపకు గుండ్ల బరువు ఎక్కువ ఉండాలి. బెండ్లను సమాన దూరంలో కట్టండి. మనం చెప్పుకున్న 20 మీటర్ల వలకు మీటరుకు ఒక బెండు చొప్పున కట్టి చూడొచ్చు. బెండు అంచు గరుకుగా ఉంటే వల దానికి తగులుకుని తెగుతుంది. అంచులు నున్నగా చేయండి.

గుండ్లు మూడు రకాలు. రాయి, కాల్చిన మట్టి, సీసం. సీసంతో చాలా జాగ్రత్తగా ఉండాలి. సీసం విషం. అది కొంచెం కొంచెంగా ఒంట్లో చేరుతుంది. పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. కడుపుతో ఉన్నవాళ్లకు, కడుపులో బిడ్డకు హాని చేస్తుంది.

సీసాన్ని ఇంట్లో కరిగించవద్దు. ఆ పొగ పీల్చకూడదు. సీసం కరిగించిన గిన్నెలో ఎన్నడూ వంట చేయవద్దు. గుండ్లు ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి. వల దగ్గర ఆడుకునే పిల్లలు గుండును నోట్లో పెట్టుకోకుండా చూడండి. వీలైన చోట కాల్చిన మట్టి గుండ్లు వాడటం మేలు.

వల ఒడ్డుకు రాగానే చేసే పని

ఒకటి. చేపలు తీసేటప్పుడు గుంజవద్దు. తొందరలో గుంజితే ముడి జారుతుంది, కన్ను సాగుతుంది. చేపను వెనక్కి కాదు, తల దూరిన వైపుకే మెల్లగా తీయండి.

రెండు. నాచు, పుల్లలు, పొలుసులు ఏరేయండి. మిగిలిన జిగురు వాసనకు ఎలుకలు వస్తాయి.

మూడు. వలను మంచినీళ్లలో జాడించండి. సముద్రపు నీళ్లు ఆరితే ఉప్పు పలుకులు పోగుల మధ్య మిగిలిపోతాయి. వల కదిలినప్పుడల్లా అవి పోగును కోస్తాయి. తాగే నీళ్లకే కరువైన ఊళ్లో రోజూ జాడించడం కష్టమే. అలాంటి చోట వారానికి ఒకసారైనా చెరువు నీళ్లలోనో, బోరు నీళ్లలోనో జాడించాలి. వేడినీళ్లు పోయవద్దు. బ్లీచింగ్ పొడి, ఆసిడ్ తగలనివ్వవద్దు. అవి నైలాన్‌ను తినేస్తాయి.

నాలుగు. నీడలో ఆరబెట్టండి. వెదురు గడ కట్టి, గాలి తగిలేలా వేలాడదీయండి. ఇసుక మీద పరచవద్దు, ఈడ్చవద్దు. ఇసుక గరుకుకు పోగు అరుగుతుంది.

నీడ లేకపోతే ఏం చేయాలి? ఆరిన వెంటనే మడిచి, పైన తాటాకులో, పాత గోనెపట్టాలో కప్పండి. తెప్ప మీద ఉన్న వలను కూడా అలాగే కప్పండి. టంగూసు వల పోగు సన్నం. దానికి ఈ జాగ్రత్త మరీ అవసరం.

ఎండ దెబ్బ తగిలిందో లేదో తెలుసుకోవచ్చు. ఎండ పడిన పై మడత నుంచి ఒక దారం, లోపలి మడత నుంచి ఒక దారం తీసుకోండి. రెండింటినీ చేత్తో లాగి చూడండి. పై దారం తొందరగా తెగితే అది ఎండ దెబ్బే. తడి దారాన్ని పొడి దారంతో పోల్చవద్దు. నైలాన్ తడిసినప్పుడు బలం కొంచెం తగ్గుతుంది. ఆరితే మళ్లీ వస్తుంది. ఎండకు పోయిన బలం మాత్రం తిరిగి రాదు.

ఎలుక, నిప్పు

ఆరిన వలను మూలన పడేయవద్దు. దూలానికి తాడు కట్టి వేలాడదీయండి. ఎలుక తాడు పట్టుకుని దిగకుండా, తాడుకు మధ్యలో రేకు మూత ఒకటి బోర్లించి కట్టండి.

పొయ్యి దగ్గర వల ఉంచవద్దు. వల మీద కూర్చుని బీడీ కాల్చనివ్వవద్దు. నిప్పురవ్వ పడితే నైలాన్ కరుగుతుంది. ఒక్క రవ్వకు మడతలన్నీ కరిగి, వల విప్పితే పది చోట్ల చిల్లులు కనిపిస్తాయి.

చిన్న చిరుగును చిన్నగా ఉన్నప్పుడే

ఒక కన్ను తెగితే పక్క కళ్ల మీద బరువు పడుతుంది. రేపటికి అవీ తెగుతాయి. అందుకే ఏ రోజు చిరుగు ఆ రోజే కట్టాలి.

మంచి ముడికి నాలుగు కాళ్లు ఉంటాయి. అంటే నాలుగు వైపులకు దారం పోతుంది. చిరుగు దగ్గర కొన్ని కాళ్లు తెగి ఉంటాయి. పైన మూడు కాళ్లు మిగిలిన ముడి ఒకటి వెతకండి. అక్కడ పని మొదలుపెట్టాలి. కింద మూడు కాళ్లు మిగిలిన ముడి ఇంకొకటి వెతకండి. అక్కడ ముగించాలి. ఈ రెండింటి మధ్య అంచున ఉన్న ప్రతి ముడికీ రెండు కాళ్లే ఉండేలా మిగతా తెగిన దారాలు కత్తిరించాలి. అప్పుడు వరసగా అల్లుకుంటూ రావచ్చు. దారం అదే లావుది వాడాలి. కన్ను అదే కొలత రావాలి. కొత్త కళ్లు చిన్నవైతే వల అక్కడ ముడుచుకుపోతుంది. టంగూసు జారుతుంది కాబట్టి దానికి రెండు ముళ్లు వేయాలి.

ఇది చదివితే రాదు. చేస్తేనే వస్తుంది. ఊళ్లో బాగా కట్టే పెద్దవాళ్ల దగ్గర కూర్చుని, పాత వల ముక్క మీద నేర్చుకోండి.

వేట లేని 61 రోజులు

చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఆపుతారు. మొత్తం 61 రోజులు. మర పడవలు, ఇంజను తెప్పలు సముద్రంలోకి పోకూడదు. ఇంజను లేని నాటు తెప్పలకు ఈ నిషేధం లేదు.

ఈ రోజుల్లో చేతిలో డబ్బు ఆడదు. కానీ వలలు బాగుచేసుకోవడానికి ఇదే అదను. ఒక్కో వల విప్పి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూడండి. చిరుగులు కట్టండి. అరిగిన తాడు మార్చండి. ఊడిన బెండ్లు కట్టండి. ఇవి ఎండాకాలం రోజులు. ఈ పనంతా నీడనే జరగాలి.

పుస్తకంలో రాసుకోండి

ప్రతి వలకు నోటు పుస్తకంలో ఒక పేజీ ఇవ్వండి. ఈ వివరాలు రాయండి.

వల కొన్న తేదీ.
దారం నంబరు.
కన్ను కొలత.
బరువు ఎన్ని కిలోలు, కిలో ధర ఎంత.
తాడు, బెండ్లు, గుండ్ల ఖర్చు.
చిరుగు కట్టిన తేదీలు, అయిన ఖర్చు.
వల పక్కన పెట్టేసిన తేదీ.

రెండు మూడు వలలకు ఇలా రాస్తే ఎన్నో సంగతులు బయటపడతాయి. ఏ దారం ఎన్నాళ్లు మన్నింది? చౌకగా కొన్నది నిజంగా చౌకేనా? ఒక వల 4000 రూపాయలకు కొంటే 10 నెలలు వచ్చిందనుకుందాం. నెలకు 400 రూపాయలు పడింది. అదే వల నీడన పెట్టి చూసుకుంటే 16 నెలలు వచ్చిందనుకుందాం. నెలకు 250 రూపాయలే పడింది. తేడా నెలకు 150. అది ఎవరూ ఇచ్చిన సొమ్ము కాదు. ఇంట్లోనే మిగిలిన సొమ్ము.

పాత వలను నీళ్లలో వదలొద్దు

నైలాన్ కుళ్లదని చెప్పుకున్నాం కదా. నీళ్లలో వదిలేసిన వల అలాగే ఉండి చేపల్ని, తాబేళ్లను పట్టి చంపుతూనే ఉంటుంది. ఆ చేప ఎవరికీ దక్కదు. పాత వలను ఒడ్డుకు తేవాలి. బాగున్న ముక్కలు చిరుగులు కట్టడానికి ఉంచుకోవచ్చు. పాదుకు పందిరిగా వేయవచ్చు. మిగిలింది పాత సామాన్లవాళ్లకు అమ్మవచ్చు. కాల్చవద్దు. ఆ పొగ మంచిది కాదు.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో వలలు ఎక్కడ ఆరబెడుతున్నారు? అందరికీ పనికొచ్చేలా ఒక నీడ పందిరి వేసుకోగలరా?
2. 210/3/4 దారంలో ఎన్ని పోగులు ఉంటాయి?
3. కన్ను 6 సెంటీమీటర్లు. నాలుగు కళ్లకు తాడు మీద ఎన్ని సెంటీమీటర్లు ఇవ్వాలి?
4. మీ ఇంట్లో సీసం గుండ్లు ఎక్కడ పెడుతున్నారు? పిల్లలకు అందుతున్నాయా?
5. మీ ఇంటి వల ఎప్పుడు కొన్నారు? ఎంతకు కొన్నారు? ఈ రోజే పుస్తకంలో రాయండి.